శాంతికి పునాది పాఠశాల
(ఉపాధ్యాయుల సభయందు చదివిన ఉపన్యాసము)



శాంతిని గూర్చి ఉపన్యసింపని నాయకుడు లోకమున లేడు. యుద్ధమునకు సన్నద్ధుడగువాడును శాంతికొఱకే ఆయుధము పట్టుచున్నానని చెప్పును. కావున శాంతి యను మాట విన్నంతనే సంతసించుట వివేకము గాదు. ఆ మాట వెనుక నున్న పని యేమో విచారింపవలెను. దేశములను పాలించువారు సంధిపత్రములపై వ్రాలు చేయుదురు. ఆ సంధి నిలుచునా నిలువదా యని నిర్ణయించునది మాత్రము మీ తరగతులలో కూర్చుండు బాలబాలికల మనస్సు. ఇది ఉపాధ్యాయులను సంతోషపెట్టుటకు చెప్పిన మాట గాదు. చరిత్రలో జరిగిన సంగతులచే దీనిని నిరూపింప దలచినాము. ఆ సంగతులలో మీకు గౌరవము కలిగించునవియు కలవు, బాధ కలిగించునవియు కలవు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన యేడే, 1945 నవంబరు 16వ తేదీన, లండను నగరమున యునెస్కో సంస్థ యొక్క నిబంధనావళి ఆమోదింపబడెను. ప్రభుత్వముల ఒడంబడికలు మాత్రమే చాలవనియు, ప్రజల బుద్ధియందు ఏర్పడిన సౌహార్దమే నిలుకడ గలదనియు దాని భావము. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు 1931 మొదలు 1936 వఱకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణపండితులు 1946 నుండి 1952 వఱకు ఆ సంస్థలో భారత ప్రతినిధివర్గమునకు నాయకత్వము వహించిరి. ఆ తరువాత 1999 సెప్టెంబరు 13వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ శాంతిసంస్కృతిని గూర్చి ఒక ప్రకటనమును, కార్యక్రమమును అంగీకరించెను. 2001 మొదలు 2010 వఱకు గల పదియేండ్లను ప్రపంచ బాలల నిమిత్తమై శాంతికిని అహింసకును అంకితము చేసిరి. ఆ దశాబ్దము ఆరంభమైన యేడే న్యూయార్కు నగరమున ఘోరమైన హత్యాకాండ జరిగెను. ఆ వెంటనే ఆఫ్ఘనిస్థానమునను, 2003లో ఇరాకునను యుద్ధములు చెలరేగెను. ప్రకటనములు వ్యర్థములని మేము చెప్పుట లేదు. విత్తనము సంచిలో నున్నంతవఱకు పైరు కాదని మాత్రమే చెప్పుచున్నాము. దానిని నాటవలసిన నేల పాఠశాల.

అయితే ఆ నేలలో విషపుమొక్కయు మొలచును. విద్య యనగానే శాంతి కలుగునని భ్రమింపరాదు. లోకమున మిక్కిలి చదువుకొన్న రెండు జాతులు ఒకదానినొకటి చంపుకొనుటకు తమ బిడ్డలకు బడిలోనే శిక్షణ మిచ్చిన కథ మనయెదుట నున్నది. అవి ఫ్రాన్సు, జర్మనీ.

1870-71 సంవత్సరముల యుద్ధమున ఫ్రాన్సు ఓడెను. ఆల్సేసు ప్రాంతమును, లొరేనులో కొంత భాగమును జర్మనీ తనలో కలుపుకొనెను. ఆ దుఃఖమును గూర్చి ఆల్ఫాన్సు డాడే 1873లో ప్రకటించిన కడపటి పాఠమను కథ మన దేశమున పండ్రెండవ తరగతి ఆంగ్లవాచకమున చేరియున్నది. మాతృభాషను పోగొట్టుకొనువారి వేదన ఆ కథలో కలదు. చదివి కంటతడి పెట్టనివారు అరుదు. కాని ఆ కథ చెప్పని సంగతి యొకటి కలదు. నాటి ఆల్సేసు పల్లెలలో పెక్కుమంది ఇండ్లలో మాటలాడుకొనినది ఫ్రెంచిభాష గాదు, జర్మను కుటుంబమునకు చెందిన తమ ప్రాంతీయభాష. ఆ సంగతి తెలిసిన మాత్రాన జర్మనుల దురాక్రమణము ధర్మమగునా? కానేరదు. జనుల యిష్టము నడుగక నేలను పంచుకొనుట ఎన్నటికిని ధర్మము గాదు. కాని ఆ సంగతి తెలిసిన బాలుడు లోకము తాననుకొన్నంత తేలికగా రెండు రంగులలో విడిపోదని గ్రహించును. తెలియని బాలుడు ద్వేషమునే దేశభక్తి యనుకొనును.

ఫ్రాన్సు పాఠశాలలలో పోయిన ప్రాంతమును దేశపటముపై నల్లని మచ్చగా చూపుచుండిరి. 1887లో ఆల్బర్టు బెతానియే యను చిత్రకారుడు ఈ దృశ్యమునే చిత్రించినాడు. ఉపాధ్యాయుడు ఆ మచ్చను చూపుచున్నాడు, సైనికవేషమున నున్న బాలుడు దానివైపు చూచుచున్నాడు. 1882 మొదలు కొన్నియేండ్లు అచ్చటి బడులలో బాలురను దళములుగా తీర్చి కవాతు చేయించిరి. ఆవలివైపున జర్మను పాఠశాలలలో ఏటేట సెప్టెంబరు 2వ తేదీని సెడాను విజయదినముగా ఉత్సవము చేయుచుండిరి. ఒకచోట పగ పాఠ్యాంశము, వేఱొకచోట గర్వము పాఠ్యాంశము. రెండును శ్రద్ధగానే బోధింపబడినవి. ఆ పాఠములు విన్న బాలురే పెరిగి పెద్దవారై 1914లో తుపాకులు పట్టి కందకములలో దిగిరి. 1916లో వెర్డనునొద్ద పదినెలలు సాగిన ఒక్క పోరాటమున ఉభయపక్షములందును కలిసి సుమారు మూడులక్షలమంది మరణించిరి. వారందఱును అక్షరాస్యులగు జాతులకు చెందినవారు. వారికి చదువు లేక యుద్ధము రాలేదు; వారు నేర్చిన చదువులోనే యుద్ధము దాగియుండెను.

ఈ సంగతి నాటి మహనీయులకు తెలియకపోలేదు. 1922లో నానాజాతిసమితి మేధావుల సహకారసంఘము నొకదానిని స్థాపించెను. హెన్రీ బెర్గ్‌సను అధ్యక్షుడు. మేడము క్యూరీ, ఐన్‌స్టీను మున్నగువారు సభ్యులు. మన జగదీశచంద్రబోసును కొంతకాలము అందులో నుండిరి. ఒకదేశపు పాఠ్యపుస్తకములలో వేఱొకదేశమును గూర్చి యుండు తప్పులను మర్యాదగా చూపి దిద్దుకొను పద్ధతిని వారు ఏర్పఱచిరి. 1935లో ఫ్రెంచి, జర్మను చరిత్రాధ్యాపకులు సమావేశమై వివాదాంశములపై ఒక అంగీకారమునకును వచ్చిరి. కాని అప్పటికే జర్మనీ హిట్లరు చేతిలో చిక్కియుండెను. ఆ కాగితము అచ్చటి తరగతిగదులలో అడుగుపెట్టలేదు. నాలుగేండ్లకు యుద్ధము వచ్చెను.

ఆ ప్రయత్నములేల విఫలమయ్యెను? నియంతల దౌష్ట్యము మొదటి కారణము. దానిని పుస్తకములు ఆపజాలవు. రెండవ కారణము మనము నేర్చుకొనదగినది. ఆ సహకారము విద్వాంసుల నడుమనే నిలిచిపోయెను. గ్రామోపాధ్యాయుని బల్లమీదికి రాలేదు. ఒక దేశపు బాలుడు వేఱొక దేశపు బాలునియింట ఒక పూట భోజనము చేయలేదు.

1945 తరువాత ఈ లోపమును దిద్దుకొనిరి. 1950లో జర్మనీ యందలి లుడ్విగ్స్‌బర్గు, ఫ్రాన్సునందలి మోంబెలియారు పట్టణములు సోదరపట్టణములుగా ఏర్పడెను. యుద్ధము ముగిసి యప్పటికి అయిదేండ్లే. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల కన్నీరు ఇంకను ఆరలేదు. అట్టి దినములలో చేయి చాచిన సామాన్యపౌరుల సాహసము సేనాపతుల సాహసమునకు తీసిపోదు. 1951లో ఉభయదేశముల చరిత్రకారులు వివాదాంశములపై మరల కూర్చుండిరి. ఆ యేడే గేయార్గ్ ఎకెర్టు అను జర్మను అధ్యాపకుడు బ్రౌన్‌ష్వైగు నగరమున పాఠ్యపుస్తక పరిశోధనకై ఒక సంస్థను నెలకొల్పెను. 1972లో పోలండుతోను ఇట్టి సంఘమే యేర్పడెను. పోలండు పని మఱింత కష్టము. హిట్లరు సేనలు ఆ దేశమును శ్మశానము చేసినవి. యుద్ధానంతరము సరిహద్దులు జరిగి లక్షలాది జర్మనులు ఇండ్లు విడిచిపోయిరి. ఎవరి గాయము ముందు చెప్పవలెను? దానికి ఏమని పేరు పెట్టవలెను? ఒక్కొక్క మాటకు దినముల తరబడి చర్చించిరి. అయినను లేచిపోలేదు.

1963 జనవరి 22వ తేదీన ద గాల్, అడెనావరు అను వృద్ధనాయకులు ఎలిజే సంధిపై వ్రాలు చేసిరి. ఆ సంధి ఫలముగా జులై 5వ తేదీన ఉభయదేశములకును ఉమ్మడిగా యువజన కార్యాలయ మొకటి యేర్పడెను. నాటినుండి నేటివఱకు తొంబదిలక్షలకు పైగా యువజనులు దానిమూలమున ఆవలిదేశమునకు పోయివచ్చిరి. వారు యాత్రికులవలె భవనములు చూచి మరలిపోలేదు. అన్యుల కుటుంబములలో నివసించిరి, వారి భాషలో తడబడిరి, వారి బడులలో కూర్చుండిరి. 2003లో బెర్లినునందు సమావేశమైన ఉభయదేశముల యువజనులు తమకు ఒకే చరిత్రపుస్తకము కావలెనని కోరిరి. ఆ కోరిక నెఱవేరి 2006లో ప్రథమభాగము వెలువడెను. 2008, 2011 సంవత్సరములలో తక్కిన రెండుభాగములును వచ్చినవి. ఒకే విషయము, ఒకే చిత్రములు. భాషలు మాత్రము రెండు. నల్లని మచ్చ చూపి పగ నేర్పిన దేశమున ఇది సామాన్యమైన మార్పా?

అతిశయోక్తి మాకు ఇష్టము లేదు. ఆ పుస్తకము అన్ని పాఠశాలలందును వ్యాపింపలేదు. ఆ రెండు దేశముల శాంతికి 1951 నాటి బొగ్గు, ఉక్కుల ఉమ్మడి ఒప్పందము కారణము. తూర్పున సోవియట్టు బలమును గూర్చిన భయమును, పశ్చిమమున అమెరికా అండయు కారణములే. విద్య యొక్కటియే శాంతిని తెచ్చెనని చెప్పుట సత్యము గాదు. కాని లాభము కుదిర్చిన స్నేహము లాభము తగ్గిననాడు చెడును. భయము కుదిర్చిన స్నేహము భయము తీరిననాడు చెడును. సోవియట్టు రాజ్యము 1991లో అంతరించినను ఆ స్నేహము చెడలేదు. దానిని నిలిపినవారిలో ఆ యిండ్లలో భోజనము చేసిన పిల్లలును ఉన్నారని మేము నమ్ముచున్నాము.

ఇక మన దేశమునకు వచ్చెదము. ఈ మార్గమును యూరోపు కంటె ముందుగా త్రొక్కిన మహాపురుషుడు మనకు కలడు. రవీంద్రనాథ ఠాకూరు 1901లో శాంతినికేతనమున చిన్న పాఠశాల నారంభించెను. 1916లో జపానునకు పోయి, పశ్చిమదేశముల ఆయుధములతోపాటు వారి జాత్యహంకారమునుగూడ దిగుమతి చేసికొనవద్దని అచ్చటివారిని హెచ్చరించెను. తొలుత ఘనస్వాగత మిచ్చినవారే ఆ మాటలు విని ముఖము త్రిప్పుకొనిరి. ఆ ఉపన్యాసములు 1917లో గ్రంథరూపమున వెలువడెను. జాతీయతను విమర్శించిన కవిని జాతీయవాదులు మెచ్చవచ్చునా యని కొందఱు నాడును అడిగిరి, నేడును అడుగుచున్నారు. దానికి ఆయన జీవితమే సమాధానము. 1919లో జలియనువాలాబాగు దురంతము జరిగినప్పుడు రాజు ఇచ్చిన బిరుదమును తిరిగి పంపినవాడు ఆయనయే. లోకమైత్రిని కోరినవాడు అన్యాయమునకు తలవంచలేదు. దేశభక్తి వేఱు, పరద్వేషము వేఱు. తన తల్లిని ప్రేమించుటకు పొరుగువాని తల్లిని నిందింప నక్కఱలేదు.

1921 డిసెంబరు 23వ తేదీన విశ్వభారతి స్థాపింపబడెను. దేశమంతట సహాయనిరాకరణోద్యమము జ్వలించుచున్న దినములవి. ప్రభుత్వపాఠశాలల బహిష్కారమును గూర్చి గాంధీమహాత్మునకును రవీంద్రునకును పత్రికాముఖమున వాదము నడచిన యేడును అదియే. ఇరువురి అభిప్రాయములు భేదించినవి గాని పరస్పరగౌరవము చెక్కుచెదరలేదు. భేదించుటయందును ప్రేమించుట యెట్లో వారినుండి నేర్వవలెను. విశ్వభారతికి పారిసునుండి సిల్వాను లెవీ పండితుడు ప్రథమ అతిథ్యధ్యాపకుడుగా వచ్చెను. ప్రేగునుండి వింటర్‌నిట్జు, నార్వేనుండి స్టెన్ కోనో వచ్చిరి. ఇంగ్లండునుండి వచ్చిన ఎల్మ్‌హర్‌స్టు 1922లో శ్రీనికేతనమున గ్రామపునర్నిర్మాణకార్యమును ఆరంభించెను. జపానునుండి 1929లో వచ్చిన తకగాకి అను గురువు విద్యార్థులకు జూడో విద్య నేర్పెను. వచ్చినవారు బోధించుటయే గాక మననుండి నేర్చుకొనిరి. బిచ్చమెత్తుటకును వినిమయమునకును గల భేదము ఇదియే.

1924లో రవీంద్రుడు చీనాదేశమునకు పోయెను. నందలాల్ బోసు, క్షితిమోహన సేను మున్నగువారు వెంట నుండిరి. అచ్చట గౌరవించినవారు అనేకులు. ఎదురుతిరిగి కరపత్రములు పంచిన యువకులును కలరు. పరుల పాదములక్రింద నలుగుచున్న దేశమునకు ఆత్మతత్త్వము బోధించుట తగునా యని వారి ప్రశ్న. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. ఆకలిగొన్నవానికి శాంతి బోధించుటకు ముందు అన్నమును న్యాయమును ఉండవలెను. 1928లో తాన్ యున్‌షాన్ అను చీనాయువకుడు శాంతినికేతనమునకు వచ్చి చీనాభాష బోధింపసాగెను. ఆయన పరిశ్రమచే 1937 ఏప్రిలు 14వ తేదీన చీనాభవనము ప్రారంభింపబడెను. వేలకొలది చీనాగ్రంథములు అచ్చటికి వచ్చినవి. కాలగర్భమున కలిసిపోయిన భారత చీనా విద్యాసంబంధము మరల మొలకెత్తెనని అందఱును సంతసించిరి.

మూడునెలలు గడవకమునుపే, జులై 7వ తేదీన, జపాను సేనలు చీనాపై యుద్ధమునకు దిగినవి.

శాంతిసంస్కృతిని కోరువారికి ఇంతకంటె కఠినమైన పరీక్ష ఉండదు. జపానుతో శాంతినికేతనమునకు గల మైత్రి ఈనాటిది గాదు. ఒకాకురా అను కళాతత్త్వవేత్త 1902లోనే ఠాకూరుల ఇంట అతిథి. జపాను చిత్రకారులు కలకత్తాలో నివసించి చిత్రలేఖనమును ఇచ్చిపుచ్చుకొనిరి. యోనే నొగూచి యను కవి రవీంద్రునకు మిత్రుడు, భారతదేశమునకు వచ్చి మన ఆతిథ్యము స్వీకరించినవాడు. ఆ నొగూచియే 1938లో, ఈ యుద్ధము నవీన ఆసియా నిర్మాణమునకు అవసరమని సమర్థించుచు రవీంద్రునకు లేఖ వ్రాసెను. మిత్రత్వము చెడునని రవీంద్రుడు మౌనము దాల్చలేదు. ఆ సమర్థనమును సూటిగా ఖండించి ప్రత్యుత్తర మిచ్చెను. ఆ యేడే మన కాంగ్రెసు మహాసభ అయిదుగురు వైద్యులను చీనాకు పంపెను. వారిలో ద్వారకానాథ కోట్నీసు అచ్చటనే క్షతగాత్రులకు సేవచేయుచు 1942లో దేహము చాలించెను.

దీనివలన మనము గ్రహింపవలసిన దేమి? ఇరుదేశముల కవులు కలిసి పాడుటచేతను, చిత్రకారులు కలిసి బొమ్మలు వ్రాయుటచేతను యుద్ధము ఆగదు. సంగీతసభలు, నృత్యప్రదర్శనములు, పుష్పమాలలు ఇవి మాత్రమే సాంస్కృతిక వినిమయమైనచో అది పందిటి అలంకారము. వాన వచ్చిన మఱునాడు ఉండదు. సత్యము చెప్పు ధైర్యమును నేర్పని విద్యతో కూడిన వినిమయము వట్టి ముచ్చట. మిత్రుని తప్పును మిత్రునితో చెప్పగలుగుట, తన జాతి తప్పును తన జాతితో చెప్పగలుగుట శాంతివిద్యకు ప్రాణము. నొగూచికి కళ తెలియును, కవిత్వము తెలియును, స్నేహమును తెలియును. తన ప్రభుత్వము తప్పుచేయునేమో యని సందేహించుట మాత్రము తెలియలేదు. ఆ సందేహమును నేర్పవలసినది పాఠశాల.

1962లో చీనాతో మనకే యుద్ధము సంభవించెను. అయినను చీనాభవనము మూతపడలేదు. మూతపడక పోవుటయే ధర్మము. పొరుగువాడు మిత్రుడైనను వాని భాష తెలియవలెను. శత్రువైనచో మఱింతగా తెలియవలెను.

ఇట్టి వినిమయము ఆంధ్రులకు క్రొత్తది గాదు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకులు పాలించిన విజయపురి, అనగా నాగార్జునకొండ, లోకమునకు తలుపులు తెఱచిన విద్యాస్థానము. బోధిశ్రీ యను ఉపాసిక అచ్చట వేయించిన శాసనమున తామ్రపర్ణి, అనగా సింహళదేశపు, ఆచార్యులు పేర్కొనబడిరి. కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, యవనదేశము, ద్రవిడదేశము మున్నగువాని పేర్లును అందు కలవు. సింహళవిహారము అను పేరుగల మఠమే అచ్చట ఉండెను. ఒక సామాన్యస్త్రీ దేశదేశముల ఆచార్యులకొఱకు తన ధనము వెచ్చించినది. నేడు ఆ లోయ నాగార్జునసాగరమున మునిగియున్నది; శిల్పములు, శాసనములు ద్వీపముమీది ప్రదర్శనశాలలో నున్నవి. అచ్చటికి వినోదయాత్రకు పోవు విద్యార్థులలో ఎందఱకు ఆ శాసనమును చూపి అర్థము చెప్పుచున్నాము?

సమీపకాలమును చూచినను అంతే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లెలోని కళాశాలలో విశ్రమించినప్పుడు, ప్రధానాచార్యుడైన ఐరిష్ దేశీయుడు జేమ్స్ కజిన్సు కోరికపై జనగణమన గీతమును ఆంగ్లమున అనువదించెను. మార్గరెటు కజిన్సు దానికి స్వరలిపి కూర్చినది. వంగకవి గీతము తెలుగునేలపై ఐరిష్ వనిత చేతిలో స్వరబద్ధమైనది. మచిలీపట్నమున 1910లో వెలసిన జాతీయకళాశాలకు వంగదేశమునుండి ప్రమోదకుమార చటర్జీ వచ్చి చిత్రలేఖనము నేర్పగా, అడివి బాపిరాజు మున్నగువారు శిష్యులైరి. జాతీయవిద్య యనగా కిటికీలు మూసికొనుట యని ఆ పెద్దలు తలంపలేదు. శాంతినికేతనమున చదివిన బెజవాడ గోపాలరెడ్డిగారు రవీంద్రుని రచనలను తెనిగించిరి. 1955లో ఆంధ్రరాష్ట్రమునకు ముఖ్యమంత్రియు అయిరి.

ఇప్పుడు మనముందున్న కార్యమును గూర్చి చెప్పెదము. దూరదేశములతో మైత్రి చేయుటకు ముందు ఇంటిని చక్కదిద్దుకొనవలెను. 2014లో తెలుగువారు రెండు రాష్ట్రములైరి. నదీజలములను గూర్చిన తగవులు న్యాయస్థానములలోను, సంఘములలోను తీరవలసినవి, అవి తీరును. కాని ఒక ప్రాంతపు యాసను హాస్యగాని నోటను, దుష్టపాత్ర నోటను ఉంచి వెక్కిరించిన గాయము న్యాయస్థానములో తీరదు. అది బడిలో తీరవలెను. పాలమూరు మాటలో నున్న సొగసును గుంటూరు బాలుడును, శ్రీకాకుళపు మాటలో నున్న తీయదనమును కరీంనగరు బాలికయు నేర్చుకొనునట్లు మన వాచకములున్నవా? లేనిచో సోదరులతో శాంతి నేర్వని మనము లోకమునకు ఏ శాంతిని బోధింపగలము?

రెండవది పొరుగుభాష. మన సరిహద్దులు అన్నియు భాషాసంగమములు. చిత్తూరున తమిళము, అనంతపురమున కన్నడము, శ్రీకాకుళమున ఒడియా, ఆదిలాబాదున మరాఠీ, హైదరాబాదున ఉర్దూ వీథులలో వినబడును. సంతలో బేరమాడువారికి రెండు మూడు భాషలు వచ్చును. పట్టభద్రులకు తఱచుగా రావు. చదువు హెచ్చినకొలది పొరుగువాని మాట మఱచుట ఏమి విద్య? ఇంగ్లీషు నేర్వవద్దని మేమనము. అమెరికా మాట వచ్చి ఆరుక్రోసుల దూరమున నున్న పల్లెమాట రాకుండుట లజ్జాకరమని మాత్రము చెప్పుదుము.

మూడవది విద్యార్థుల వినిమయము. 1986 విద్యావిధానము ననుసరించి యేర్పడిన నవోదయ విద్యాలయములలో ఒక చక్కని నియమము కలదు. తొమ్మిదవ తరగతి విద్యార్థులలో నూటికి ముప్పదిమందిని ఒక యేడు హిందీ ప్రాంతమునుండి ఇతరభాషాప్రాంతమునకును, ఇతరభాషాప్రాంతమునుండి హిందీ ప్రాంతమునకును పంపుదురు. పదునాలుగేండ్ల తెలుగుపిల్ల ఉత్తరదేశమున ఒక యేడు రొట్టె తిని, అచ్చటి చలి కోర్చి, అచ్చటి పాటలు నేర్చి వచ్చుట పది దేశభక్తి ఉపన్యాసముల పెట్టు. ఈ భాగ్యము ఆ విద్యాలయములలోని కొలదిమందికే యేల? ఇరుగుపొరుగు జిల్లాల సామాన్యపాఠశాలలు ఒక మాసమైనను ఇట్టి యేర్పాటు చేసికొనరాదా? దీనికి పెద్ద ధనము అక్కఱలేదు. ఇండ్లలో చోటును, తల్లిదండ్రుల మనస్సులో నమ్మకమును కావలెను. వేఱొక కులపువాని, వేఱొక మతమువాని బిడ్డకు మన యింట పీట వేయగలిగిననాడు శాంతిసంస్కృతి ఆరంభమైనదని తెలియవలెను.

నాల్గవది అనువాదము. 1954లో ఏర్పడిన సాహిత్య అకాడమీ, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు భారతీయభాషల గ్రంథములను ఒకదానినుండి మఱొకదానిలోనికి తెచ్చుచున్నవి. వాని వెల స్వల్పము. అవి మన పాఠశాలల బీరువాలలో నుండవలెను. బీరువాల తాళము ఉపాధ్యాయుని యొద్ద గాక విద్యార్థి యొద్ద నుండవలెను.

అయిదవది చరిత్రబోధనము. 1947 విభజనమున కోటిమందికి పైగా ప్రజలు ఇల్లు వాకిలి విడిచిరి. ఆ యొక్క సంవత్సరమునే సరిహద్దునకు ఈవలి బాలుడు ఒకవిధముగను, ఆవలి బాలుడు వేఱొకవిధముగను నేర్చుకొనుచున్నాడు. ప్రభుత్వముల నడుమ మాటలే కొఱవడిన దినములలో ఉమ్మడి పుస్తకమును ఆశించుట దూరపు ఆశయే. కాని ఆవలివారును ఇండ్లు కోల్పోయిరని, అచ్చటను తల్లులు ఏడ్చిరని, ఇచ్చటను హంతకులు కలరని, అచ్చటను ప్రాణమొడ్డి పొరుగువారిని కాపాడినవారు కలరని చెప్పుటకు ఏ ప్రభుత్వముతో సంధి కావలెను? ఉపాధ్యాయుని నోరు చాలును. జరిగిన దుర్మార్గమును దాచుమని మేము చెప్పుట లేదు. దాచిన గాయము కుళ్లును. దుర్మార్గమును దుర్మార్గమనియే చెప్పవలెను. దానిని ఒక జాతికి జన్మలక్షణముగా అంటగట్టరాదు.

ఇది దుర్బలుల మార్గమని కొందఱు ఆక్షేపింతురు. సరిహద్దున సైనికుడు ప్రాణమొడ్డి నిలిచియుండగా శాంతిపాఠములేల యందురు. సైనికుని త్యాగమునకు మేము తలవంచుచున్నాము. ఆయన కాపాడుచున్న వ్యవధిని మనమెట్లు వినియోగించుచున్నామని మాత్రమే మా ప్రశ్న. ఆ వ్యవధిలో మఱియొక తరమును ద్వేషమునకు సిద్ధము చేసినచో ఆయన కుమారుడును అదే కందకమున నిలువవలసి వచ్చును. మఱికొందఱు, పరసంస్కృతి వచ్చిన మన సంస్కృతి నశించునందురు. వేరు చెడిన చెట్టుకు గాలి భయము. వేరూనిన చెట్టుకు గాలి బలము. తన భాష, తన గ్రంథములు, తన ఊరి చరిత్ర తెలియనివానికి ఇచ్చుటకు ఏమియు లేదు. అట్టివాడు వినిమయమున అనుకర్త యగును గాని సమానుడు కాడు. కావున మాతృభాషావిద్యయు లోకమైత్రియు పరస్పరవిరుద్ధములు గావు. మొదటిది లేక రెండవది లేదు. నేడు దేశదేశములలో నున్న తెలుగు యువజనులు తమ పిల్లలకు కూచిపూడి నేర్పించుచున్నారు. సంతోషము. తాము నివసించు దేశపు ప్రజల చరిత్రను, వారి కష్టసుఖములను గూడ ఆ పిల్లలకు నేర్పింతురుగాక. ఇచ్చుట మాత్రమే వినిమయము గాదు, పుచ్చుకొనుటయు వినిమయమే.

ఉపాధ్యాయ సోదరులారా! మీ జీతములు స్వల్పములు, మీకు అప్పగించు పనులు అనేకములు. జనాభాలెక్కలును మీరే, ఎన్నికలును మీరే. ఇందుపై లోకశాంతి భారముగూడ మీ నెత్తిన పెట్టుట అన్యాయమని మీరు తలంపవచ్చును. కాని ఆ భారము మేము పెట్టినది గాదు. దేశపటముముందు నిలిచి వ్రేలు చాచిన ప్రతి ఉపాధ్యాయుని మీదను అది యున్నది. ఆ వ్రేలు నల్లని మచ్చను చూపవచ్చును, పొరుగువాని ఊరిని చూపవచ్చును. రేపు ఉదయము గంట కొట్టగానే మీరు ఆ పటముముందు నిలుతురు. ఏది చూపవలెనో మీకు మేము చెప్ప నక్కఱలేదు.